నలభై తువ్వాళ్లు

అత్తగారు మూడోసారి ఎవరికీ చెప్పకుండా గడప దాటి వెళ్లిపోయిన రోజు, భర్త ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లను చూసుకునే హోమ్ దరఖాస్తు అది. "నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ అమ్మ ఇలాగే వెళ్లిపోతుంటే చేర్చేద్దాం. రోడ్డు మీద ఏదైనా అయితే జన్మంతా కుమిలిపోవాలి" అన్నాడు. కోడలు ఆ కాగితం వంక చూడలేదు. కుట్టుమిషన్ పక్కన స్కూలు యూనిఫారాలు కుప్పపడి ఉన్నాయి. ఒక కన్ను సూది మీద, ఇంకో కన్ను తలుపు మీద పెట్టి కుడుతూ ఆ వారంలో రెండుసార్లు వేలు పొడుచుకుంది.

నిజం చెప్పాలంటే, ఆ అత్తాకోడళ్లు పాలూ నీళ్లలా కలిసిపోయిన వాళ్లేం కాదు. అత్తగారు పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పయ్యేళ్లు పనిచేసింది. మడతల గదికి ఆవిడే పెద్ద. దుప్పటి అంచులు కలవకపోతే నోరు విప్పి తిట్టేది కాదు. దాన్ని విప్పి, మడతపెట్టిన మనిషి ముందు పడేసేది. మూడుసార్లు అలా పడిందంటే ఉద్యోగం ఊడినట్టే. ఇంట్లోనూ అదే చట్టం. కొత్త కోడలు మడతపెట్టిన బట్టలన్నీ తన ముందుకే తిరిగొచ్చేవి. కోడలు ఎన్నిసార్లు పళ్లు నూరుకుందో లెక్కలేదు.

కానీ కోడలు రెండో కాన్పు తర్వాత నడుం పడిపోయి అయిదు నెలలు మంచం పట్టినప్పుడు, ఒళ్లు తుడిచి, తల దువ్వి, పసిబిడ్డను భుజాన వేసుకుని తిరిగింది ఆ అత్తగారే. ఒక్క రోజు విసుక్కోలేదు. ఆ రుణం గుర్తున్నంతకాలం కోడలి చెయ్యి ఆ దరఖాస్తు మీదికి పోదు.

ఆసుపత్రి నర్సమ్మ ఒక మాట చెప్పింది. "ఆవిడ చేతులు ఖాళీగా ఉంటే కాళ్లు ఊరుకోవమ్మా. ఏదైనా చిన్న పని ఇవ్వండి. ఒకటే పని, మళ్లీ మళ్లీ చేసేది. ఆ చేతులకి బాగా అలవాటైనదైతే ఇంకా మంచిది."

కోడలు ఇల్లంతా గాలించి తువ్వాళ్లు పోగేసింది. పన్నెండు తేలాయి. తన ముందు కుప్ప పొయ్యగానే అత్తగారు రవిక చేతులు పైకి లాక్కుని కూర్చుంది. అంచులు కలపడం, అరచేత్తో ఒక్క రాపు, సగానికి మడత, మళ్లీ రాపు. మనవరాలి పేరు గుర్తులేని మనిషికి మడత మాత్రం గీత గీసినట్టు వచ్చింది. తలుపు వైపు చూడనైనా లేదు. కోడలు ఆ గంటలో రెండు చొక్కాలు పూర్తి చేసింది. తర్వాత పన్నెండింటినీ వంటింట్లోకి పట్టుకెళ్లి, విప్పి, నలిపి, తెచ్చి మళ్లీ పోసింది.

"ఇంకొన్ని వచ్చాయత్తయ్యా."

"రానీ. ఆసుపత్రిలో తువ్వాళ్లకేం కొదవ" అంది అత్తగారు హుషారుగా.

నాలుగు రోజులు బండి సాఫీగా నడిచింది. అయిదో రోజు కోడలికి బద్ధకం ముంచుకొచ్చింది. వంటింటి దాకా ఎందుకులే అనుకుని, అత్తగారు మంచినీళ్లు తాగుతుండగా అక్కడే నిలబడి విప్పడం మొదలుపెట్టింది. అత్తగారు గ్లాసు దించి చూసింది.

"బాగాలేవా?" అంది. గొంతు చిన్నబోయింది.

"అయ్యో, బాగున్నాయత్తయ్యా."

"మరి విప్పుతున్నారేమండీ?" కోడల్ని ఆవిడ 'అండీ' అనడం అదే మొదలు. "ఇకమీదట అంచులు సరిచూసుకుంటాను. పనిలోంచి తీసెయ్యకండి. మా పిల్లాడింకా చదువుకుంటున్నాడు."

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఎదురుగా మడత విప్పితే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో తనకంటే బాగా ఎవరికి తెలుసు? మర్నాడు అత్తగారు తువ్వాళ్లు ముట్టలేదు. చేతులు ఒళ్లో దాచుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి లేచి చెప్పులు వెతుక్కోసాగింది. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయి.

కోడలు మిషన్ ఆపేసి, అత్తగారి చెయ్యి పట్టుకుని వీధి చివరి సెలూన్‌కి తీసుకెళ్లింది. "అన్నా, మీ తువ్వాళ్లు ఉతికాక మాకివ్వండి, మడతపెట్టి తెస్తాం. మా అత్తయ్య ముప్పయ్యేళ్లు మడతల గది నడిపింది" అంది. సెలూనాయన కత్తెర ఆపాడు. వాగుడుకాయే గానీ మనిషి గట్టివాడు. ఒక్క చూపుకే సంగతి గ్రహించి, తన చేత్తో మడతపెట్టిన తువ్వాలొకటి తీసి అత్తగారికి అందించాడు.

"మేడమ్, ఇది ఎలా ఉందో చెప్పండి."

అత్తగారు అంచు తడిమింది. విప్పి ఆయన ముందు పడేసింది. కుర్చీలో సగం గడ్డంతో కూర్చున్న గిరాకీ పకపకా నవ్వాడు.

"నేననుకుంటూనే ఉన్నాను" అన్నాడు సెలూనాయన. "రోజుకి నలభై మేడమ్. మీరే దిక్కు."

ఇక రోజూ నలభై వచ్చాయి. మళ్లీ విప్పాల్సిన పని లేదు. వాటిని గిరాకీలే వాడి, తడిపి, నలిపి పెడుతున్నారు. పేరూ ఊరూ తెలియని ఆ గడ్డాలన్నిటికీ కోడలు మనసులోనే దండం పెట్టుకుంది. అత్తగారు మళ్లీ గడప దాటలేదు.

నెలాఖరు రోజు భర్త పెందరాళే ఇంటికొచ్చి, బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకుని భార్యతో ఏదో అనబోయాడు. అత్తగారు చటుక్కున లేచింది. కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషి ఆసుపత్రి ఆఫీసు నుంచే వచ్చి ఉంటాడనుకుంది. వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"అయ్యా, ఈ అమ్మాయిని తీసెయ్యకండి. మడత ఇంకా కుదరలేదు, నిజమే. నేను నేర్పుకుంటాను. కావాలంటే నన్ను తీసెయ్యండి. ఈ పిల్ల నాకు అన్నం కలిపి పెడుతుంది, జుట్టు దువ్వుతుంది. ఎవరి బిడ్డో గానీ, ఒక్క రోజు విసుక్కోలేదు."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంత మాట అత్తగారి నోట తాను వింటుందని ఎన్నడూ అనుకోలేదు. భర్త కాగితాన్ని నిలువునా చింపాడు. తలవంచి తల్లితో అన్నాడు.

"ఎవర్నీ తీసెయ్యడం లేదు మేడమ్. ఇద్దరూ ఇక్కడే ఉంటారు."