పథ్యం తప్పని పిల్ల

వీధిలో అందరూ చిటికెడాయన అని పిలిచే మూలికల వైద్యుడికి త్రాసు మీద నమ్మకం లేదు. ఏ పొడైనా చిటికెతోనే తీసి ఇస్తాడు. కొట్లో ఆయనకు ఒక పుస్తకం ఉంది. రోగి పేరు, బాధ, ఇచ్చిన మందు, వాడిన రోజులు, చివరి గడిలో గుణం. ఆ చివరి గడిలో రెండే రెండు రాతలు కనిపిస్తాయి. తగ్గినవాళ్ళకి "గుణమిచ్చింది". తగ్గనివాళ్ళకి "పథ్యం తప్పారు". ఆయన తండ్రి రాసిన పుస్తకాలూ అంతే. రెండు తరాలుగా ఆ ఇంటి మందు ఒక్కసారి కూడా తప్పలేదు, రోగులే తప్పారు.

అలాంటి ఇంట్లో బొంగరం పుట్టింది. మనవరాలు, తొమ్మిదేళ్ళది. కూర్చుంటే కాళ్ళు ఆడతాయి, నిలబడితే మనిషంతా ఆడుతుంది. కూడిక మొదలుపెట్టి రెండో అంకె దగ్గర కిటికీలో పిట్టను పలకరించడానికి పోతుంది. చెప్పులు రెండూ ఒకే చోట దొరికిన రోజు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. బడి నుంచి టీచరమ్మ ఉత్తరం రాసింది. పిల్లకి తెలివి ఉంది, నిలకడ లేదు, పిల్లల డాక్టరుకి చూపించి కాగితం తెస్తే ముందు బెంచీ, పరీక్షలో అదనపు సమయం, ఏది కావాలంటే అది చేస్తాం, తేకపోతే వచ్చే ఏడు కూడా ఇదే తరగతిలో కూర్చోవాలి అని. కూర్చోవాలి అన్న మాట ఆవిడ అంత ఆలోచించి రాసి ఉండదు.

కోడలు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేస్తుంది. ఏది ఎక్కడికి వెళ్ళాలో చిటికెలో తేల్చే మనిషి. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గర పేరు రాయించింది.

"ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని బయట క్యూలో నిలబడతావా అమ్మాయ్?" అన్నాడు చిటికెడాయన.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా మావయ్యా."

"ఆ సామెత చెట్లకి. నాకు కాదు. నలభై రోజులివ్వు. ఈ పిల్ల దగ్గర నా మందు ఓడిపోతే కొట్టు మూసేస్తాను."

కొట్టు మూసేసే ఉద్దేశం ఆయనకు ఏ కోశానా లేదు. కోపంలో ఆయన ఇలాంటివి వారానికి రెండైనా అంటాడు. కోడలికది తెలుసు. పక్కగదిలో మంచం మీద గెంతుతూ వింటున్న పిల్లకి తెలీదు.

"సరే, నలభై రోజులు. కానీ పథ్యం నేను చూస్తాను," అంది కోడలు. "మీరు ఏది వద్దంటే అది ఈ గుమ్మం దాటి లోపలికి రాదు. బడికి డబ్బా కూడా నేనే కడతాను. నలభయ్యో రోజున పథ్యం తప్పిందనే మాట మాత్రం నా చెవిన పడకూడదు."

చిటికెడాయన గొంతు సవరించుకున్నాడు. ఆ పుస్తకం ఆవిడ ఎప్పుడు చదివిందో ఆయనకు అర్థం కాలేదు.

మందు తయారైంది. సరస్వతి ఆకు, జటామాంసి, అతిమధురం, ఇంకా ఆయన ఎవరికీ చెప్పని రెండు వేళ్ళు. తేనెలో కలిపినా చేదు పోలేదు. పిల్ల మింగి, ఒంటికాలి మీద గదంతా ఒక చుట్టు తిరిగి, "బావుంది తాతయ్యా," అంది. అబద్ధమని ముఖమే చెప్పింది.

గుణం చూడటానికి ఆయనకు తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకే వేళ, ఒకే చోట, ఒకే కన్ను. చిటికెడాయన రాత్రి భోజనం వేళ ఎంచుకున్నాడు. ఏడున్నర నుంచి ఎనిమిది దాకా పిల్ల ఎన్నిసార్లు లేస్తే అన్ని గీతలు. మొదటి రోజు పదిహేడు. అందులో రెండుసార్లు బల్ల కిందినుంచి పోయింది. పదో రోజుకి పదకొండయ్యాయి. ఇరవయ్యో రోజుకి ఆరు.

"ఇవాళెన్ని తాతయ్యా?" అని పిల్ల రోజూ అడిగేది.

"నాలుగు."

"నిన్నటికన్నా తక్కువేనా?"

"తక్కువే."

అప్పుడు గట్టిగా ఊపిరి వదిలేది. ఊపిరి కుదుటపడుతోంది, అది కూడా మందు మహిమే అని పక్కన రాసుకున్నాడాయన.

ముప్ఫయ్యో రోజున ఒకే గీత పడింది. చిటికెడాయన నవ్వలేదు. నవ్వడం ఆయన అలవాటు కాదు. ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. మర్నాడు కొట్లో దగ్గు మందుకి వచ్చినవాళ్ళకి కూడా మనవరాలి సంగతి చెప్పాడు. వారం తిరక్కుండా అయిదుగురు తల్లులు తమ పిల్లలకి అదే మందు పట్టుకుపోయారు. పెద్ద జాడీ నిండా మళ్ళీ కలపాల్సి వచ్చింది. కోడలు మాత్రం పిల్ల పళ్ళెంలో అన్నం మిగులుతోందని ఒకసారి అంది. చేదు మందు తిన్నాక ఆకలి ఎవరికి వేస్తుందని ఆయన కొట్టిపారేశాడు.

ముప్ఫై ఆరో రోజు పొద్దున్నే, వాళ్ళుండే మేడలోనే కింది అంతస్తులో ఉండే పెద్దావిడ కొట్టుకి వచ్చింది, తలపోటని.

"రోజూ మన మెట్ల మీద గుర్రాలు పరిగెడుతున్నాయండీ. పైకీ కిందికీ, పైకీ కిందికీ. తల పగిలిపోతోంది."

"ఏ వేళకి?"

"ఎనిమిదింపావుకి. గడియారం పెట్టినట్టే. నెల దాటింది."

చిటికెడాయన పొడి కట్టి ఇచ్చాడు. పుస్తకంలో ఆవిడ పేరు రాశాడు, తలపోటు అని రాశాడు, ఆ పక్కన కారణం రాయబోయి ఆగిపోయాడు. ఒకే వేళ, ఒకే చోట. ఎనిమిది తర్వాత ఆయన ఏ రోజూ చూడలేదు. రేడియోలో వార్తలు వినేవాడు.

ఆ రాత్రి భోజనంలో ఒక్క గీత కూడా పడలేదు. ఆయన రేడియో పెట్టి, వినకుండా వెళ్ళి రెండో అంతస్తు మెట్ల మలుపులో నిలబడ్డాడు. ఎనిమిదింపావుకి పిల్ల వచ్చింది. నాలుగంతస్తులు దిగింది, ఎక్కింది, దిగింది. ఆయన్ని దాటిపోతూ కూడా చూడలేదు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఆరోసారి ఎక్కుతుండగా చెయ్యి పట్టుకున్నాడు.

పిల్ల బెదిరిపోయింది. "ఇప్పుడు లెక్క లేదు కదా తాతయ్యా! భోజనం అయిపోయింది కదా!"

ఆయన ఆ చెయ్యి వదల్లేదు. అరచేతిలో ఏదో గరుకుగా తగిలింది. దీపం కిందికి తీసుకెళ్ళి చూశాడు. నాలుగు గోళ్ళ గుర్తులు. రెండో చేతిలోనూ నాలుగు. పాతవి నల్లబడ్డాయి, ఇవాళ్టివి ఎర్రగా ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"గట్టిగా పట్టుకుంటే లేవను."

"ఎందుకు పట్టుకోవడం? లేవాలనిపిస్తే లేవచ్చుగా!"

"లేస్తే మందు ఓడిపోతుంది. నువ్వు కొట్టు మూసేస్తావు." రొప్పుతూ ఆయన్ని ఓదార్చింది కూడా. "నాలుగు రోజులే కదా తాతయ్యా. ఉండగలను."

చిటికెడాయన మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది. నెల రోజులు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, ఎన్నిసార్లు లేచిందో చూశాడు తప్ప ఆ పిల్లను చూడలేదు.

తెల్లారాక కోడలితో, "డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు.

"ఇంకా నాలుగు రోజులుందిగా మావయ్యా?"

"అవి నేను వదులుకున్నాను."

కోడలు సెలవు చీటీ రాసింది.

ఆసుపత్రిలో జనం కిటకిటలాడుతున్నారు. కొట్లో జాడీ మందు కొన్న తల్లుల్లో ఇద్దరు అక్కడే బెంచీ మీద ఉన్నారు. వైద్యుణ్ణి ఆసుపత్రిలో చూసి, చూపులు మరల్చుకునే మర్యాద కూడా చూపించారు. చిటికెడాయన పళ్ళ బిగువున నమస్కారం పెట్టాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. గది ఇరుకని తలుపు తెరిచే ఉంచింది. అరగంటసేపు ప్రశ్నలడిగింది. పిల్ల అరగంటా కుర్చీలో కదల్లేదు. రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి ఒళ్ళో పెట్టుకుంది. బొమ్మను కూర్చోబెట్టినా అంత బుద్ధిగా ఉండదు.

"మీ టీచరమ్మ రాసినదానికీ నేను చూస్తున్నదానికీ పొంతన లేదే," అంది డాక్టరమ్మ. "ఇప్పటికి ఏమీ అక్కర్లేదని రాయొచ్చు. ఏమైనా మందులు వాడారా?"

"నాదే," అన్నాడు చిటికెడాయన. "మూలికలు. ముప్ఫై ఆరు రోజులు."

"గుణం కనిపించిందా?"

ఆయన నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది. "బాగా పనిచేసిందండీ! పదిహేడు నుంచి సున్నాకి వచ్చింది!"

డాక్టరమ్మ కలం పట్టుకుని ఆయనకేసి చూసింది. బయట బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. ఒక్క మాట అంటే చాలు. నలభై ఏళ్ళుగా రాస్తున్న "గుణమిచ్చింది" అన్న మాటే. ఇద్దరు సాక్షులు తలుపు దగ్గరే ఉన్నారు, రుజువు కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

చిటికెడాయన లేచి, కొట్లో పిలిచే గొంతుతోనే అందరికీ వినపడేలా చెప్పాడు. "ఈ పిల్ల పథ్యం తప్పలేదు. ఒక్క పూట తప్పలేదు. నా మందే పనిచెయ్యలేదు."

కోడలు తల దించుకుంది. బయట ఒక తల్లి, ఆయన మందు పెట్టుకొచ్చిన చేతిసంచీ మూసింది.

"చేతులు తెరువు తల్లీ," అన్నాడాయన. "డాక్టరమ్మకి చూపించు."

పిల్ల తెరిచింది. డాక్టరమ్మ ఆ అరచేతులు చాలాసేపు చూసి, అంతవరకు రాసుకున్నది కొట్టేసి ఇంకో కాగితం తీసుకుంది.

"ఇక లే. లేచి తిరుగు," అన్నాడు చిటికెడాయన మనవరాలితో.

"మరి కొట్టు?"

"మూయను. దగ్గులు, అజీర్తులు ఇంకా బోలెడున్నాయి."

పిల్ల అమ్మకేసి చూసింది, డాక్టరమ్మకేసి చూసింది. తర్వాత కుర్చీ దిగింది. బరువు చూసే యంత్రం ఎక్కింది, దిగింది, తెర వెనక్కి పోయింది, బల్ల చుట్టూ తిరిగి ఆయన ముందు ఆగింది.

"తాతయ్యా, లెక్కపెడుతున్నావా?"

"లేదమ్మా."

పిల్ల ఆయన చేతులు రెండూ తిప్పి చూసి, కాగితం గానీ కలం గానీ లేవని నమ్మకం కుదిరాక మళ్ళీ పరిగెత్తింది.