అడుగున రాగులు

బేరిగై చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి నేత్ర లేచిందంటే చాలు, వెంకటలక్ష్మమ్మకు కడుపులో మంట మొదలయ్యేది. బాప్తిస్మంలో రాహేలని పేరు పెట్టినా ఊరంతా ఆమెను పిలిచేది వెంకటలక్ష్మమ్మ అనే. అత్త కాలం నుంచీ ఆ చర్చిలో ముందు చాప ఆమెది. చర్చికి రేకుల కప్పు వేసిన నాడు కూలీలందరికీ వండి పెట్టింది ఆమె. అలాంటిది, మత్తూరు నుంచి కాపురానికొచ్చి నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకున్న ఈ పిల్ల నోరు విప్పితే సంఘమంతా చెవులు రిక్కించడమేమిటి?

పోనీ చెప్పేవి పెద్ద అద్భుతాలా అంటే అదీ కాదు. బస్సు తప్పిపోతే బాగలూరు పూల బండివాడు ఎక్కించుకున్నాడట, స్తోత్రం. అత్తకు జ్వరం తగ్గిందట, స్తోత్రం. గ్యాసు అయిపోతుందనుకుంటే ఇంకో వారం వచ్చిందట, దానికీ స్తోత్రమే. సిలిండర్లో గ్యాసెంతుందో చూసుకుంటూ కూర్చోవడం తప్ప దేవుడికి ఇంకో పని లేదు కాబోలని వెంకటలక్ష్మమ్మ ముసుగు చాటున మూతి తిప్పుకునేది.

ఆ కాలంలో ఎవరి బతుకూ బాగాలేదు. వానలు మొహం చాటేశాయి. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. హోసూరు కంపెనీల్లో కాంట్రాక్టు వాళ్ళను ఇళ్ళకు పంపేశారు. నేత్ర మొగుడు మురుగన్ వాళ్ళలో ఒకడు. వెంకటలక్ష్మమ్మ మొగుడు మునివెంకటప్ప పెంచిన రోజా తోట నిలువునా ఎండి పొయ్యిలో కట్టెలకు పనికొచ్చింది. బోరులో నీళ్ళ కోసం ఆమె ఉపవాసాలుంది, కోడి కూయకముందే లేచి మోకరించింది. బోరు గాలి తప్ప నీటి చుక్క కక్కలేదు. నేత్ర గ్యాసు సంగతి చూసేవాడివి, నా బోరు నీకు కనపడదా అని దేవుణ్ణి నిలదీసింది. జవాబు రాలేదు. అడగడం మానలేదు గానీ, అడిగే గొంతులో కోపం ఎక్కువైంది.

ఆ చర్చిలో పిడికెడు బియ్యం అని ఒక ఆనవాయితీ ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో తెచ్చి, అందరూ పాట పాడుతుండగా ముందున్న గంగాళంలో పోస్తుంది. సోమవారం పాస్టరుగారి భార్య ఆ బియ్యాన్ని లేనివాళ్ళ ఇళ్ళకు చప్పుడు కాకుండా చేరవేస్తుంది. ఎవరికిచ్చారని ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

చిక్కల్లా ఏమిటంటే, వెంకటలక్ష్మమ్మ ఇంట్లో రోజూ వండుకోవడానికి బియ్యమే లేవు. తోట పచ్చగా ఉన్న రోజుల్లో "రేషను బియ్యం తినే ఖర్మ మనకేమి" అని ఆమే మొగుడి చేత కార్డును చక్కెర కార్డుగా మార్పించింది. చక్కెర కార్డుకు బియ్యం ఇవ్వరు. ఇప్పుడు పోయి మళ్ళీ బియ్యం కార్డు కావాలని అడగాలంటే తల కొట్టేసినట్టుంటుంది. ఇంట్లో ఉన్నదల్లా అటక మీది పాత రాగులు. మూడు పూటలా ముద్దే. దేవుడికి రాగులు తెచ్చినవాళ్ళు ఆ చర్చిలో ఎన్నడూ లేరు. బియ్యమైతేనే కానుక అని అందరి లెక్క, ఆమె లెక్క కూడా.

పోనీ ఉత్త చేతులతో వెళ్దామా అంటే, నేత్ర సంచి నింపుకుని వస్తుంది. మొగుడికి పని లేదు, మంచం పట్టిన అత్త మారియమ్మ ఉంది, అయినా ఏ ఆదివారమూ ఆ సంచి చిక్కిపోదు. అది చూస్తే వెంకటలక్ష్మమ్మకు తిన్నది అరిగేది కాదు. అందుకని ఒక ఉపాయం పన్నింది. సంచి అడుగున రాగులు పోసి, చుట్టాలొస్తే వండడానికి దాచిన కాసిని బియ్యంలోంచి పైన ఒక పొర పరిచేది. గంగాళం దగ్గర సంచి మూతిని బియ్యంలోకి దూర్చి గుమ్మరించి, చేత్తో గబగబా కలిపేసేది. ఆమె సంచి నేత్ర సంచి కంటే లావుగా కనిపించేది. ఆ పూటకు ప్రాణం కుదుటపడేది.

ఒక శనివారం బియ్యం డబ్బా అడుగు కనిపించింది. ఉన్నవి పై పొరకు ఒక్కసారికి సరిపోతాయి, అంతే.

"రేపటితో సరి," అంది మొగుడితో. "ఇంగ నేను చర్చికి రాను. నువ్వు పోతే పో."

"ఏమైంది?"

"ఏమయ్యేది? దేవుడికి నా మాట ఇనపడేదే లేదు. ఆ నేత్ర ఒకతె ఉండాది కదా, ఆమె మాట ఇననీ."

మునివెంకటప్ప ముద్ద తుంచుతూ, "నీకు కోపం దేవుడి మిందనా, ఆ పిల్ల మిందనా?" అన్నాడు.

ఆమె పళ్ళెం తీసుకుని లేచిపోయింది. ఆ సంగతి తేలితే ఆమెకు సగం బాధ తీరిపోయేది.

ఆదివారం పాట అయింది. గంగాళం నిండింది. పాస్టరుగారు ఆ వారం ప్రార్థన కూడికల వివరాలన్నీ చెప్పి గొంతు సవరించుకున్నారు.

"ఇంకొక మాటమ్మా. కొన్ని వారాలుగా పిడికెడు బియ్యంలో రాగులు కలిసి వస్తావుండాయి. ఎవరింట్లోనో చేట సరిగ్గా ఆడతా లేదు. అందుకునేవాళ్ళకు ఏరుకునేది కష్టం కదా. బాగా చెరిగి తేండి."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెంకటలక్ష్మమ్మ అందరికంటే భక్తిగా తల వంచుకుంది. అప్పుడు నేత్ర లేచింది. దీనికి ఇప్పుడే సందు దొరికిందా అని వెంకటలక్ష్మమ్మ పళ్ళు కొరికింది.

"స్తోత్రం అయ్యా. ఆ రాగులు ఆపొద్దని చెప్పండి," అంది నేత్ర. "ఆ బియ్యం వచ్చేది మా ఇంటికే. ఆయనకు పని పోయినప్పటి నుంచి ఈ బియ్యంతోనే ఇల్లు నడస్తావుండాది. దాంట్లోనే పిడికెడు పిడికెడు తీసి మళ్ళీ ఈడికే తెస్తావుండాను."

ఆ మాట అంతమందిలో అంత సులువుగా చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు.

"మా అత్తకు షుగర్. అన్నం తిని తిని కాళ్ళు చేతులు ఆడకుండా పడిపోయింది. డాక్టరు రాగులు పెట్టమన్నాడు. కొనేదానికి మాకు యాడిది? పాస్టరు అమ్మగారిని అడిగేదానికి నోరు రాలేదు. ఇచ్చేదే ఎక్కువ, దాంట్లో ఇది కావల, అది కావల అని ఎట్ల అడిగేది? దేవుణ్ణి అడిగినాను. ఆ వారమే బియ్యంలో రాగులు వచ్చినాయి! జల్లెడ పట్టి తీసి, విసిరి, ముద్ద చేసి పెడతావుండాను. చూడండి, ఈ పొద్దు అత్త నడిచి వచ్చింది."

వాకిలి పక్కన కూర్చున్న మారియమ్మ చెయ్యెత్తి దండం పెట్టింది.

"ఎవరు వేసినారో నాకు తెలీదు. ఆ ఇంట్లో ఏమి కొరత ఉండినా తీర్చు దేవా అని దినమూ ప్రార్థన చేస్తావుండాను."

ఈ మాటకు వెంకటలక్ష్మమ్మ గుండె కరగాలి. కరగలేదు, భగ్గుమంది. రాగులు నావి, అటక నాది, సాక్ష్యం మాత్రం దీనిదా! ఏం చేస్తోందో తెలిసేలోపే లేచి నిలబడింది.

"ఆ రాగులు నావి!"

కోళ్ళ దొంగను పట్టుకున్నట్టు వచ్చింది ఆ మాట. తలలన్నీ ఇటు తిరిగాయి.

"సంతోషమమ్మా," అన్నారు పాస్టరుగారు. "అయితే చెప్పకుండా బియ్యంలో ఎందుకు కలిపినావు?"

ఆయన నిలదీయాలని అడిగింది కాదు. ఆమె నోరు తెరిచింది. ఏదో ఒక అబద్ధం నాలుక మీదికి వస్తుందనుకుంది, రాలేదు.

"మా ఇంట్లో బియ్యం లేవయ్యా."

మగవాళ్ళ వైపు కూర్చున్న మునివెంకటప్ప తల దించుకున్నాడు. ఆ మాట బయటపడితే కప్పు కూలిపోతుందని ఇన్నాళ్ళూ అనుకుంది. ఏదీ కూలలేదు. దాంతో మిగతాదీ ఆగలేదు.

"బోరు పోయింది, తోట పోయింది. ఉండేది చక్కెర కార్డు. నేను ఇంత మొర పెట్టినా దేవుడు ఇనలేదు. ఆ పిల్ల మాట ఇన్నాడు. అదీ నా రాగులతోనే ఇన్నాడు!"

ఏడుపు వచ్చేసింది. పశ్చాత్తాపంతో వచ్చిన ఏడుపు కాదు, ఒళ్ళు మండి వచ్చిన ఏడుపు. మారియమ్మ గోడ పట్టుకుని లేచి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నేను తినింది నువ్వు పెట్టిన ముద్దేనా తల్లీ?"

వెంకటలక్ష్మమ్మ ఆ ముసలి చేతిని తోసెయ్యలేకపోయింది. అప్పుడు వచ్చింది అసలు ఏడుపు.

సోమవారం నేత్ర వాకిట్లో నిలబడింది. "అక్కా, అమ్మగారు ఇచ్చిన బియ్యంలో సగం తెచ్చినాను."

దాని చేతి నుంచి తీసుకునే బదులు పస్తు పడుకోవడం మేలనిపించింది వెంకటలక్ష్మమ్మకు. తలుపు వెయ్యబోయింది కూడా. తర్వాత లోపలికి వెళ్ళి చేట నిండా రాగులు తెచ్చింది. బియ్యం వంపుకుని ఆ ఖాళీ సంచిలో రాగులు పోసింది.

"మీ అత్తకు అడుగంటకుండా బాగా కెలికి పెట్టు," అంది కటువుగా.

పొద్దు గూకినాక పొయ్యి వెలిగించి, ఎసట్లో బియ్యం పోయబోతూ ఆగి, పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసింది. పది ఇళ్ళ బియ్యం ఒక్క కుండలో పడితే ఒక్కలా ఉడకవు. అన్నం సగం మెత్తగా, సగం పలుకుగా వచ్చింది. మునివెంకటప్ప రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

ఆ ఆదివారం వెంకటలక్ష్మమ్మ రాగులను మూతి తెరిచిన సంచిలో తెచ్చి గంగాళం పక్కన అందరికీ కనబడేలా పెట్టింది. ఇంకొకావిడ కొంగు చాటు నుంచి ఉలవల మూట తీసి దాని పక్కన పెట్టింది. సాక్ష్యాల వేళ నేత్ర కొంగు సర్దుకుంటుండగానే వెంకటలక్ష్మమ్మ లేచేసింది. సంఘమంతా చెవులు రిక్కించింది. అది ఆమెకు బాగానే ఉంది.

"మా బోరులో ఇంకా నీళ్ళు పడలేదు," అంది. గంగాళం పక్కనున్న తన రాగుల సంచి వైపు ఒకసారి చూసింది. "స్తోత్రం."