ఆకుపచ్చ సందు

దూరపు రేవుపట్నంలోని గార్డెన్ రీచ్‌లో, వలసొచ్చిన తెలుగు మున్సిపాలిటీ పనివాళ్ళుండే సందు. పొద్దున్నే జయప్రకాశ్ తన బావ దేముడి నీలం యూనిఫాం చొక్కా తొడుక్కున్నాడు. దేముడికి జ్వరం. మురుగుకాలవలు తీసేవాడు నాగా పెడితే పని పోతుంది. అందుకని ఒకరు మంచాన పడితే ఇంట్లో మరొకరు ఆ చొక్కా వేసుకుని, ఆ పేరుకే పలికి, పని చేసి వస్తారు. దీన్ని అక్కడ బద్లీ అంటారు. పని చేయించే సర్దారుకు తెలుసు. కాలవ పారితే అతనికి చాలు.

"నీ సొక్కా నాకు వదులైపోనాది బావా. తిన్నదంతా ఏటి సేసేవు?"

"మీ అక్క వంట. పొట్ట దాటి పోదు" అన్నాడు దేముడు వణుకుతూ.

"ఆస్పత్రికెల్దాం రా" అంది అతని భార్య గురవమ్మ.

"పనిలో ఉన్నోడు ఆస్పత్రిలో ఎలాగుంతాడే? అక్కడ పేరు రాస్తారు. పుష్ప లెక్క కడతంది కదా, మన సందుకి మందుల కేంపొస్తాది. కేంపులో పేరడగరు. అప్పుడు సూపించుకుంతాను."

పుష్పరాణి వాళ్ళ కూతురు. కాలేజీలో గణిత నమూనాలు, డేటా విశ్లేషణ నేర్చుకుంటోంది. ఏ వాడలో జ్వరాలు ఎక్కువో అంచనా కట్టే పని ఆమెకిచ్చారు. జ్వరమొస్తే పనికి రారు కాబట్టి, పనివాళ్ళ హాజరు తగ్గినచోట జ్వరాలున్నట్టు నమూనా కట్టింది. ఆ అంచనా చూసే మందుల క్యాంపులు పెడతారు.

సాయంత్రం ఆమె ల్యాప్‌టాప్‌లో పటం చూపించింది. టీచరు చిన్మయి మేడమ్ మెచ్చుకుని పైకి, మున్సిపాలిటీకి పంపేశారు కూడా.

"మన సందు ఆకుపచ్చగుందేటమ్మా?"

"జబ్బుల్లేని చోటు నాన్నా."

"మరి నాకెందుకే ఈ సలి?"

అప్పుడే జయప్రకాశ్ వచ్చి తడిసిన చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. పుష్పరాణి ఆ చొక్కా వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తాను లెక్కపెట్టింది చొక్కాల్ని. చదివే మీరు ఆమెను తొందరపడి తప్పుపట్టకండి. పుట్టినప్పట్నుంచీ కళ్ళముందున్నది ఎవరికీ వింతగా కనబడదు.

"నిజం రాసేస్తాను మావా" అంది.

"రాయి. రేపట్నుంచి సందులో ఎవుడికీ పనుండదు" అన్నాడు జయప్రకాశ్, కోపం లేకుండానే.

ఆమె రాయలేదు. క్యాంపు వేరే వాడకు వెళ్ళింది. స్పృహ తప్పేదాకా దేముడు ఆస్పత్రికి ఒప్పుకోలేదు. తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. అతను పోయిన పూట జయప్రకాశ్ అతని పేరుతోనే కాలవలో ఉన్నాడు. హాజరు పడింది.

కర్మ అయ్యాక చిన్మయి మేడమ్ వచ్చి గడపమీద కూర్చున్నారు. పుష్పరాణి ఆమెకు అంతా చెప్పింది.

"కొత్త లెక్క నేర్పుతాను. సరిదిద్దుదాం" అన్నారావిడ.

ఎదురింట్లో ఒకతను దగ్గుతున్నాడు. అతని తమ్ముడు అన్న నీలం చొక్కాకు గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"ఏ లెక్క నేర్చుకున్నా ఇదే ఆకుపచ్చ వస్తుంది మేడమ్" అంది పుష్పరాణి. "జబ్బు పడ్డానని చెప్పుకుంటే కూడు పోయే చోట, ముందు ఆ భయం పోవాలి. అది పోనంతకాలం మీ చదువుకు మేము కనబడం."