దమ్ము చక్రాలూ మంచు పలకలూ

మా నాన్న వరప్రసాదానికి దమ్ము చేయడంలో ఎంత పేరుందో, మొండితనంలోనూ అంతే పేరుంది. చుండూరు చుట్టుపక్కల నాట్లకి ముందు మడిని బురద చేయాలంటే ఆయన ట్రాక్టరే రావాలి. ఆ మొండితనం నాకూ అబ్బింది కాబట్టి ఆయనతో వాదించడానికి నాకు భయం లేదు.

ఆ రోజు వాదన స్కీల గురించి. మంచు మీద జారడానికి కాళ్ళకి బిగించుకునే పొడుగాటి పలకలవి. బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి. వాళ్ళు కాశ్మీరు తీసుకెళ్తే నాకా పిచ్చి పట్టుకుంది. వచ్చే ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో శిక్షకుల పరీక్ష. నెగ్గితే ఉద్యోగం. ఇంతవరకూ అద్దెవాటితో గడిపాను, ఇక సొంత జత కావాలి. నాన్న కొనిపెడతానన్నాడు, కానీ ఒకే ఒక్క జత. నాతోపాటే నేర్చుకున్న తెనాలి నాజ్నీన్ మా ఇద్దరికీ కలిపి ఆర్డరు పెడుతోంది. "సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చవే హరితా, లేకపోతే నావి నేను పెట్టేసుకుంటా," అని పొద్దున్నే ఫోన్ చేసింది.

బాగా వెడల్పాటివైతే కొత్తగా కురిసిన మెత్తటి మంచులో మునగవు. మధ్యరకంవైతే గట్టి మంచైనా, మెత్తటి మంచైనా, గుంటలైనా సర్దుకుపోతాయి. నాకు మధ్యరకంవి కావాలి. నాన్నకి వెడల్పువే కావాలి.

"మంచంటే ఏంటమ్మా, తెల్ల బురదేగా," అన్నాడు ట్రాక్టరు నడుపుతూనే. నేను మడ్‌గార్డు మీద కూర్చున్నాను. టైర్లు గట్టు మీద ఉన్నాయి, వాటి బదులు ఇనుప దమ్ము చక్రాలు తిరుగుతున్నాయి. "వీటిని చూడు. వెడల్పుండబట్టేగా దిగబడట్లేదు."

"పరీక్ష మెత్తటి మంచులోనే కాదు నాన్నా. పొద్దున గట్టి వాలు మీద మలుపులు తిప్పాలి. తర్వాత గుంటల్లో దిగాలి. మెత్తటి మంచు ఆఖర్న. మధ్యలో స్కీలు మార్చుకోనివ్వరు."

"వెడల్పువి ఎక్కడికైనా పోతాయి."

"అయితే ఈ చక్రాలతోనే రోడ్డెక్కించు చూద్దాం."

నాన్న మొహం ఎర్రబడింది. తర్వాత దున్నాల్సిన చిన్నయ్య బాబాయి మడికి తారురోడ్డు మీదుగా పోవాలి. దమ్ము చక్రాలు రోడ్డుని పాడుచేస్తాయి, టైర్లు బిగించుకునే కదలాలని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళని తిట్టిపోసేది మా నాన్నే. అయినా పంతం కొద్దీ రోడ్డెక్కించేశాడు.

నా పళ్ళు టకటకలాడాయి. ఎంత గట్టిగా పట్టుకున్నా ఎగిరెగిరి పడ్డాను. చిన్నయ్య బాబాయి తువ్వాలు ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే ప్రసాదం! రోడ్డంతా పెళ్ళగిస్తున్నావేంట్రా? మొన్న నన్ను తిట్టింది దీనికేగా!"

నాన్న ట్రాక్టరుని వెనక్కి తిప్పి టైర్లున్న గట్టు దగ్గరికి దించాడు. నేను పగలబడి నవ్వాను. అంత మంచి అవకాశం మళ్ళీ రాదు.

చక్రాలు విప్పి టైర్లు బిగిస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు. "ట్రాక్టరు దిగబడితే తాడేసి లాగుతాను. అక్కడ నువ్వు దిగబడితే ఎవరు లాగుతారే?"

నా నవ్వు ఆగిపోయింది. నాన్న చేతులు తుడుచుకుని, తన ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు. పోయిన శీతాకాలం నాజ్నీన్ పంపిన వీడియో అది. నేను పడిపోయి, నడుం దాకా మంచులో కూరుకుపోయాను. అక్కడ ఆపేశాడు.

"రోజూ చూస్తున్నా. ఇక్కడికొచ్చేసరికి ఆపేస్తా. ఆ తర్వాత చూసే ధైర్యం లేదు నాకు."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళ మొండితనం వెనక ఇంత భయం ఉందని నాకేం తెలుసు? ఆయన చేతిలోనే వీడియో మళ్ళీ నడిపించాను. మంచులో ఉన్న పిల్ల కాసేపు గింజుకుంది. నోట్లో మంచు ఉమ్మింది. ఎవరి సాయం లేకుండా లేచి, స్కీలు సర్దుకుని, కొండ కిందిదాకా జారుకుంటూ వచ్చి, చెయ్యెత్తి నవ్వింది.

"అవేం స్కీలే?" అన్నాడు నాన్న.

"అద్దెవి నాన్నా. మధ్యరకంవే."

నాన్న ఆఖరి బోల్టు బిగించాడు. "నాజ్నీన్‌కి చెప్పెయ్. అవే."

నా ఫోన్ ఇంట్లో ఉండిపోయింది. ఆయన ఫోన్ కోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"ఉండవే," అన్నాడు. "ఆ లేచింది ఇంకోసారి చూడనీ."