పదోవాడు

ఎండ మా ప్రార్థనా మందిరం గోడ మీద పైపైకి పాకుతోంది. అది చూరు దాటితే పొద్దు గుంకినట్టే, మా అమ్మ సంవత్సరీకం రోజు అయిపోయినట్టే. లోపల నాతో కలిపి తొమ్మిదిమందిమే ఉన్నాం. పదిమంది మగవాళ్లు లేనిదే పోయినవాళ్ల కోసం చెప్పే స్తుతి చెప్పకూడదు. నేను కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ బల్లకీ మధ్య తిరుగుతున్నాను.

బుఖారాలో ఒకప్పుడు ఈ సందులు మా యూదులతో కిటకిటలాడేవి. ఇప్పుడు సగం మంది న్యూయార్క్‌లో, సగం మంది టెల్ అవీవ్‌లో. మిగిలిన కొద్దిమందినీ ఇంటింటికీ వెళ్లి పోగుచేసేది నేనే. మందిరానికి రండి రండి అని ప్రాణం తీస్తానని ఊళ్లో నాకు పేరు.

"చెప్పులు కుట్టే అబోఖాయ్ ఉన్నాడుగా నెర్యా, పిలవరాదూ?" అన్నాడు ముసలి పిన్‌ఖాస్ మామ.

నాకు తెలియకనా! మాకు పని నిషిద్ధమైన శనివారం నాడు దుకాణం తెరిచాడని కిందటేడు నలుగురిలో కడిగేశాను వాణ్ణి. అప్పట్నుంచీ ఇటు రాలేదు. అయినా పరిగెత్తాను.

అబోఖాయ్ నోట్లో మేకులు పెట్టుకుని బూటు మడమ బిగిస్తున్నాడు.

"ఒరేయ్, ఇవాళ మా అమ్మ రోజు. ఒక్కడు తక్కువయ్యాడు."

మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి తీశాడు. నా ప్రాణమంతా ఎండ మీదే ఉంది.

"శనివారం బేరం చేసేవాడు పనికొస్తాడా అన్నా?"

"తర్వాత తిడుదువుగాని, ముందు లే!"

"చలికాలంలో మా నాన్న పోతే సంతాపం పట్టిన ఏడు సాయంత్రాలూ మా ఇంట్లో తొమ్మిదిమందే. నీకు కబురు పెట్టాను. ఆ పాపిష్టి ఇంట్లో అడుగు పెట్టనన్నావట. ఆ స్తుతి నేను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా చెప్పలేదు."

ఆ మాట నేనన్నదే. ధర్మం కాపాడుతున్నాననుకుని అన్నాను.

వాడు ఒళ్లో తోలుగుడ్డ పక్కన పెట్టి, గోడకున్న టోపీ తీసి పెట్టుకున్నాడు. "పద. మీ అమ్మ నాకు రొట్టె పెట్టిన మనిషి. నీ మొహం చూసి రావట్లేదు."

మేం వెళ్లేసరికి చూరు కింద బెత్తెడు ఎండ మిగిలింది. ప్రార్థన గబగబా సాగింది. స్తుతి దగ్గర అందరూ నావైపు చూశారు. నేను అబోఖాయ్ చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకున్నాను.

"నాకు మొత్తం రాదన్నా" అని గొణిగాడు.

"నేను చెబుతాను. నా వెనకే అను."

ముక్కముక్కగా చెప్పాం. సగంలో వాడు చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఆగాను. పిన్‌ఖాస్ మామ కిటికీలోంచి చూశాడు. గోడ మీద ఎండ లేదు. అయినా ఎవరూ తొందరపెట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేనూ తొందరపెట్టలేదు.