బెంచీ కింద నీలం గీత

ఆ పొద్దున బస్ స్టేషన్ హాల్లో ఇరవై మంది ఊడుస్తున్నారు. మేస్త్రమ్మ గుమ్మంలోనే ఆగి లెక్కపెట్టింది. ఒళ్లు మండిపోయింది. మర్నాడు మంత్రిగారు వచ్చి, వారం కిందట ఇక్కడ జరిగిన పేలుడులో చనిపోయిన తొమ్మిది మందికీ పూలు పెడతారట. ఆయన బూట్లకు దుమ్ము అంటకూడదని ఎక్కణ్ణుంచో మనుషుల్ని పట్టుకొచ్చారు. ఏడు నెలల కిందట ఇదే హాలులో పనిచేసే ఆరుగురిలో ఐదుగురిని ఇంటికి పంపినప్పుడు మాత్రం, ఊడ్చే యంత్రం ఉండగా మనుషులెందుకు అన్నారు. ఆ ఐదుగురిలో ఆమె ఒకతి. పదిహేడేళ్లు ఆ జట్టుకు మేస్త్రి.

మిగిలిన ఆ ఒక్కతీ ఆమె తోడికోడలు. జీతం తక్కువని ఉంచారు. తనను తీసేసి చిన్నదాన్ని ఉంచడం మేస్త్రమ్మకు మింగుడుపడలేదు. ఒకే ఇంట్లో పైనా కిందా కాపురాలు, ఏడు నెలలుగా మాటల్లేవు. ఇవాళ ఆ చిన్నదాని మెడకే ఉచ్చు బిగిస్తున్నారు.

పేలింది పధ్నాలుగో బెంచీ కింద పెట్టిన సంచి. పెట్టినవాడు దొరికాడు, వాడి సంగతి కోర్టు చూసుకుంటుంది. కానీ ఆ సంచి ముందురోజు సాయంత్రం నుంచీ అక్కడే ఉందని కెమెరా చెప్పింది. పేలాక చెప్పింది, ఎందుకంటే కెమెరాల గదిలో కూర్చునేవాళ్లనూ తీసేశారు. తనిఖీ పుస్తకంలోనేమో "అన్ని బెంచీల కిందా చూశాను" అన్న మాట పక్కన పేలిన రోజు పొద్దున ఆరింటికి చిన్నది పెట్టిన సంతకం ఉంది. ఇంకేం, దొరికిపోయింది. ఉద్యోగం తీసేయడమే కాదు, కేసు కూడా పెడతామంటున్నారు.

విచారణ హాలు పక్క గదిలో. పాత మేస్త్రి కాబట్టి ఆమెను సాక్షిగా పిలిచారు. ఆమె వెళ్లేసరికి తోడికోడలు గోడవారన నిలబడి ఉంది. వారం రోజుల్లో సగమైపోయింది. విచారణ అధికారి, చూశావా లేదా, ఒక్క మాటలో చెప్పు అని అడిగాడు.

"చూడలేదండీ. సంతకం పెట్టాను, చూడలేదు."

డ్యూటీ ఎక్కగానే సంతకం పెట్టేయమని మేనేజరుగారే చెప్పారని గొణిగింది. పక్కనే కూర్చున్న స్టేషన్ మేనేజరు, నేనెప్పుడు చెప్పాను అని ఏమీ ఎరగనట్టు అన్నాడు. అధికారి కలం చకచకా నడిచింది.

మేస్త్రమ్మ చూపు తలుపు బయటే ఉంది. కూలికి వచ్చినవాళ్లు తడిగుడ్డలతో బెంచీల కాళ్లు తుడుచుకుంటూ నాలుగో వరుస దాకా వచ్చేశారు. ముందు బయటికొచ్చి ఒక్క బెంచీ కిందికి వంగి చూడండి, తర్వాత ఏం కావాలంటే అది రాసుకోండి అని అధికారిని లేవదీసింది. అయిదో వరుస దగ్గరికి వెళ్లి, తుడిచేవాళ్లను ఆపి, బెంచీకి అడ్డంగా నిలబడింది.

ఊడ్చిన బెంచీకి కాలి లోపలివైపు సుద్దముక్కతో ఒక గీత గీయాలని ఆమే పెట్టింది, పని ఎగ్గొట్టేవాళ్లను పట్టుకోవడానికి. తర్వాతి షిఫ్టు మనిషి ఆ గీత తుడిచి తన రంగు గీత గీయాలి. ఆమెది దర్జీ దగ్గర తెచ్చుకున్న నీలం. ఆ గీతల పుణ్యమా అని పదిహేడేళ్లలో మరిచిపోయిన గొడుగులే కాదు, పోలీసులు వచ్చి ఎత్తుకెళ్లిన పెట్టెలు కూడా రెండు దొరికాయి. కాగితాల మీద మాత్రం వాళ్లు చేసింది ఊడుపే. ఆ కాగితాలు చూసే తీసేశారు.

అధికారి ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ల మీద వంగాడు. ఈ బెంచీ, దాని పక్కది, ఆ పక్కది. అన్నిటికీ నీలం గీతే.

"అవి నావండీ. నన్ను తీసేసిన రోజువి. ఏడు నెలల్లో ఎవరూ తుడవలేదంటే, ఏడు నెలలుగా ఇక్కడ వంగిన మనిషి లేదని."

మేనేజరు మొహం వెలిగిపోయింది. చూశారా, ఒక్కరోజు కాదు, ఏడు నెలల నిర్లక్ష్యం అన్నాడు. తోడికోడల్ని తన చేతులతోనే ముంచానా అని మేస్త్రమ్మకు ఒక్క క్షణం అనిపించింది. తర్వాత కోపం తన్నుకొచ్చింది. పక్కమనిషి చేతిలోని చీపురు లాక్కుని మేనేజరు ముందు పెట్టింది.

"నలభై రెండు బెంచీలు. హాలు మొత్తానికి మీరు రాసిచ్చింది ఇరవై నిమిషాలు. అందులో యంత్రం నడపాలా, నలభై రెండుసార్లు వంగాలా? ఏదీ, మీరు చేసి చూపించండి."

మేనేజరు చీపురు ముట్టుకోలేదు.

అధికారి, సిబ్బంది సంఖ్య ఈ విచారణ పరిధిలోకి రాదు, ఆ రోజు ఏం జరిగిందన్నదే తన పని అని చెప్పి కాగితం చాపాడు. హాలు ఊడ్చే ఉద్యోగి బెంచీల కింద చూడలేదని సాక్షి ధ్రువీకరించినట్టు అందులో రాసి ఉంది. కింద సంతకం పెట్టమన్నాడు.

"ఊడవని బెంచీకి నేనెప్పుడూ గీత పెట్టలేదండీ. ఇందులో ఆరుగురు లేరు, ఇరవై నిమిషాలు లేవు. దీనికింద నేను సంతకం పెట్టను."

మంత్రిగారు వచ్చేలోగా, అంటే ఆ సాయంత్రానికి, ఫైలు ముగించాలి. అధికారి గడియారం చూసుకున్నాడు, మేనేజరును చూశాడు, మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు, రాశాడు. ఆరుగురి పని ఒకరికి అప్పగించారని, హాలుకు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలని. ఆమె రెండుసార్లు చదివించుకుని అప్పుడు సంతకం పెట్టింది.

బయటికి నడుస్తుంటే తోడికోడలు మోచెయ్యి పట్టుకుంది. "వంగి ఉంటే కనపడేదక్కా."

"కనపడేది," అంది మేస్త్రమ్మ. అబద్ధం చెప్పి ఊరడించడం ఆమెకు చేతకాలేదు. "నన్ను ఉండనిచ్చుంటే నాక్కూడా కనపడేది." ఆ చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

వెనక అయిదో వరుస మొదలైంది. ఒకామె బెంచీ కిందికి దూరి నీలం గీతను శ్రద్ధగా తుడిచేస్తోంది. ఎల్లుండి ఎంతమంది వస్తారని మేస్త్రమ్మ అడిగింది.

"రేపు మధ్యాహ్నం దాకానే మాకు పని," అంది ఆమె గుడ్డ పిండుకుంటూ. "ఎల్లుండి నుంచి మళ్లీ యంత్రమేనట."