నడవలో బీరువా

నేను ఒక ఇనప బీరువాను. రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. రేకు కోసి, వంచి, నిప్పురవ్వల మధ్య అతికించి, ఆకుపచ్చకీ బూడిదరంగుకీ మధ్యస్తంగా ఉండే రంగు కొట్టారు. నన్ను తయారుచేసిన వెల్డరు ఆఖర్న నా డొక్కలో ఒక గుద్దు గుద్ది, "ఏనుగెక్కినా నలగదు" అన్నాడు. ఏనుగు ఎక్కలేదు గాని, తర్వాత మనుషులు నాలో కుక్కిన బరువు చూశాక ఏనుగే నయమనిపించింది.

మొదట నన్ను కొన్నది రాహేలమ్మ అనే నర్సు. కాకినాడలో ఆస్పత్రి దగ్గర ఒక గదిలో ఒంటరిగా ఉండేది. కొద్దిపాటి చీరలు, డ్యూటీకి తెల్లబట్టలు, ఒక బైబిలు, ఒక శాలువా. ఆవిడ సంసారమంతా నా రెండు అరల్లో సరిపోయేది. మిగతా అరలు ఖాళీ. అప్పట్లో నాకది చిన్నతనంగా ఉండేది. నిండుగా ఉంటేనే బీరువాకి గౌరవమని అనుకునేదాన్ని. రాహేలమ్మ ఉద్యోగం విరమించి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ నన్ను అమ్మకానికి పెట్టింది. "ఇంత గట్టి బీరువా వదిలేసుకుంటున్నారేంటండీ?" అని అడిగాడు కొనడానికి వచ్చినాయన. "దాన్ని మొయ్యాలంటే నలుగురు కావాలి నాయనా. నా సంచయితే నేనే మోసుకుపోతాను" అందావిడ.

ఆ కొన్నాయన వీర్రాజు. బియ్యం మిల్లులో గుమాస్తా. భార్య నళిని ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేసేది. వీర్రాజు తల్లి నాగరత్నంగారు వాళ్లతోనే ఉండేవారు. మేడమీద వాటా. ముందు హాలు, వెనక నాగరత్నంగారి గది, రెంటికీ మధ్య ఇరుకు నడవ. నన్ను మోసుకొచ్చిన రోజున పడగ్గదిలో చోటు లేదు. అక్కడ అప్పటికే రెండు బీరువాలు కదలకుండా కూర్చున్నాయి. "ప్రస్తుతానికి నడవలో పెట్టండి, తర్వాత చూద్దాం" అన్నాడు వీర్రాజు. మనుషుల ఇళ్లలో 'ప్రస్తుతానికి' పెట్టిన వస్తువులు కదలగా నేనెప్పుడూ చూడలేదు.

నళిని చెడ్డ మనిషి కాదు. చిన్నప్పుడు ముగ్గురు అక్కచెల్లెళ్లు రెండు పరికిణీలతో పెరిగారట. ఇద్దరు బడికి వెళ్తే ఒకరు ఇంట్లో ఉండాలి. జీతం అందుకున్న మొదటి నెల నుంచి ఆవిడ చీరలు కొంటూనే ఉంది. ఫోనులో చూసి కొనేది, ఎగ్జిబిషనుల్లో కొనేది, తగ్గింపు ఉందని కొనేది. పొట్లం విప్పి, నా ముందు భుజానికి అడ్డంగా పెట్టుకుని ఒకసారి చూసుకునేది. చూసుకున్నప్పుడు ఆ మొహంలో పదేళ్ల పిల్ల కనబడేది. ఆ తర్వాత చీర నాలోకి వచ్చేది, ధర చీటీ తియ్యకుండానే. మళ్లీ వెలుగు చూసిన చీరలు తక్కువ.

ఫోను కూడా అలాగే నిండిపోయింది. కాలేజీ గ్రూపు, చుట్టాల గ్రూపు, చీరల గ్రూపులు, వంటల గ్రూపు. రోజంతా టింగు టింగుమంటుంటే విసుగెత్తి మోత ఆపేసి, ఆ ఫోన్ని నా నెత్తిమీద పడేసేది. అది అక్కడ మూగగా వణుకుతూ ఉండేది.

నాగరత్నంగారు స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాక వాకరు పట్టుకుని నడవవలసి వచ్చింది. నడవలో నాకు ఎదురుగా అట్టపెట్టెల వరస. వాటి వెనక ఇన్వర్టరు. వాకరు పట్టే దారి లేదు. ఆవిడ వాకర్ని పక్కకు తిప్పి, గోడ పట్టుకుని, నా ఒంటిని రాసుకుంటూ వచ్చేవారు. "కొంచెం దారి చెయ్యవే నళినీ" అంటే, "ఆదివారం సర్దేస్తానత్తయ్యా" అనేది నళిని. నిజానికి నాగరత్నంగారి గదిలోనూ అంతే. వెనక వైపు ఇనప మెట్లకు తెరుచుకునే తలుపుకి ఆనించి పాతబట్టల మూటలు పేర్చి ఉండేవి. వాటిని పారేద్దామని నళిని అన్నప్పుడల్లా ఆవిడే ఒప్పుకోలేదు. "బొంతలు కుట్టించుకుందాం, ఉంచు" అనేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. వీర్రాజు మిల్లుకి వెళ్లాడు. నళిని డాబా మీద బట్టలు ఆరేస్తోంది. నాగరత్నంగారు గదిలో కునుకు తీస్తున్నారు. నా ఎదురుగా అట్టపెట్టెల వెనక చిటపటమని చప్పుడైంది. ఎలకేమో అనుకున్నాను. తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన. తర్వాత సన్నటి పొగ, అట్టల సందుల్లోంచి తాపీగా, ఎవరో లోపల చుట్ట కాలుస్తున్నట్టు.

అరవడానికి నాకు నోరు లేదు.

నా నెత్తిమీద ఫోను వణికింది. ఆగింది. మళ్లీ వణికింది. కింది వాటాలో ఉండే జుబేదా వాసన పసిగట్టి చేస్తోందని తర్వాత తెలిసింది. ఆ వణుకు నా రేకుల్లోకి దిగి, అరల్లోకి పాకి, చీరల్లో ఇంకిపోయింది. మొదటి అట్టపెట్టె భగ్గుమంది.

"నళినక్కా! నళినక్కా! పొగొస్తంది, ఎక్కడున్నావక్కా!" జుబేదా మెట్లెక్కుతూ అరుస్తోంది. డాబా మీద నుంచి నళిని పరుగున దిగింది. హాల్లోకి వచ్చి నడవ వైపు చూసి అక్కడే నిలబడిపోయింది. పెట్టె నుంచి పెట్టెకి మంట నడుస్తోంది. ఆవల గది గుమ్మంలో నాగరత్నంగారు మంచం దిగి, వాకరు పట్టుకుని, దగ్గుతూ నిలబడ్డారు. అత్తా కోడళ్లు మంటకి చెరోవైపు ఒకరినొకరు చూసుకున్నారు.

నళిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు దూకబోయింది. జుబేదా నడుం పట్టి వెనక్కి లాగింది. "మామ్మగారూ, తలుపేసేసుకోండి! తలుపేసి వెనక్కెళ్లండి! మేం వెనకనించొస్తాం!"

తలుపు మూసుకుంది. అక్కణ్నించి నేను చూసింది లేదు, విన్నదే. మిగతాది తర్వాత చుట్టాలకు వాళ్లు చెప్పుకుంటుంటే తెలుసుకున్నాను.

ఇద్దరూ వీధి చుట్టి వెనక ఇనప మెట్లెక్కారు. తలుపు లోపలికి తెరుచుకునేది. నాగరత్నంగారు గడియ తీశారు. నళిని భుజంతో నెట్టింది. బెత్తెడు సందు తెరుచుకుని ఆగిపోయింది. వెనక మూటలు.

"అత్తయ్యా, మూటలు లాగండి!"

"కదలట్లేదే తల్లీ! నా వల్ల కావట్లేదు!"

"కింద కూచోండి. కూచుని ముడులు విప్పండి. ఒక్కో గుడ్డా నాకందించండి!"

విరిగిన తుంటితో ఆవిడ నేలమీద ఎలా కూచున్నారో ఇప్పటికీ ఆవిడకే తెలియదు. నడవ వైపు తలుపు కింద సందులోంచి పొగ గదిలోకి వస్తోంది. మొదటి ముడి విడింది. నళిని సందులోంచి చెయ్యి పెట్టి చేతికందిన గుడ్డ పట్టుకుని లాగింది. లాగి మెట్ల మీదకు విసిరేసింది. మళ్లీ లాగింది. పట్టుచీర, వీర్రాజు పెళ్లి ప్యాంటు, ఎవరిదో చిన్ననాటి గౌను, మళ్లీ చీర. జుబేదా పక్కన చేరి తనూ లాగింది. చెక్క గీరుకుని నళిని మోచెయ్యి నెత్తురోడింది. ఏ చీర ఎవరిదో, ఎంత పెట్టి కొన్నారో ఎవరూ చూడలేదు.

నడవలో నా రంగు బుడగలు కట్టింది. నా కడుపులో చీరలు ఉడుకుతున్నాయి. వెనక నుంచి నళిని గొంతు వినిపిస్తూనే ఉంది. "ఇంకోటి అత్తయ్యా, ఇంకోటి, ఇంకోటి." లోపల్నించి జవాబిచ్చే నాగరత్నంగారి గొంతు సన్నబడిపోయింది. ఆపైన వినబడలేదు.

"అత్తయ్యా!"

ఏదో బరువైనది నేలమీద ఈడ్చుకుపోయిన చప్పుడు. తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు. జుబేదా ఏడుపు. ఆ ఏడుపు భయంతోనా, ఊరటతోనా అన్నది నాకు అర్థం కాలేదు.

వీధిలో వాళ్లు కరెంటు మెయిన్ ఆపేసి, ఇసక పోసి, తడి దుప్పట్లు కప్పి మంట ఆర్పారు. నాగరత్నంగారు ఆస్పత్రిలో స్పృహలోకి వచ్చి మొదట అడిగిన మాట, "నళిని చేతికి కట్టు కట్టారా?"

ఆవిడ ఇంటికి వచ్చాక పరామర్శకు జనం వచ్చారు. వట్టి చేతులతో ఎలా వస్తారు? దుప్పట్లు తెచ్చారు, స్టీలు డబ్బాలు తెచ్చారు, ఒకాయన గోడ గడియారం తెచ్చాడు. కాలిన ఇంట్లో మళ్లీ వస్తువులు పోగుపడటం నేను కళ్లారా చూశాను. ఆడపడుచు తెచ్చిన దుప్పట్ల జత నళిని తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టింది. "తీసుకెళ్లండి వదినా. మీరొచ్చారు, అది చాలు."

వాళ్లు వెళ్లాక నాగరత్నంగారు, "తప్పంతా నీదని మొయ్యకు. ఆ మూటలు ఉంచమన్నది నేను" అన్నారు. నళిని ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు మొదలుపెట్టింది. కోపంగా విసిరెయ్యలేదు. ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని, ఎవరిదైతే వాళ్లను అడిగింది. నాగరత్నంగారు మెత్తటి నూలు చీరలు కొన్ని ఉంచుకుని మిగతావి ఇచ్చెయ్యమన్నారు. వీర్రాజు దగ్గరే గొడవైంది. ఆయన దగ్గర ఒక గోతం నిండా పాత ఛార్జర్లు, వైర్లు, పనిచెయ్యని ఫోన్లు ఉన్నాయి.

"పనికొస్తాయే" అన్నాడు.

"ఎప్పుడండీ?"

"ఎప్పుడో అప్పుడు."

"మీ అమ్మ తలుపు దగ్గర పడిపోయినప్పుడు ఏం పనికొచ్చాయి?"

ఆయన అన్నం మానేసి గోతం మంచం కింద దాచుకున్నాడు. నళిని ఆ గోతం ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం నా కాళ్ల దగ్గర చతికిలబడి, మంటకి అంచులు కమిలినా ఎలాగో బతికిన ఫోను తీసింది. గ్రూపుల్లోంచి ఒక్కొక్కటిగా బయటికి వచ్చేసింది. ఒకేలా ఉన్న ఫొటోలు చెరిపేసింది. చుట్టాల గ్రూపు దగ్గర వేలు తటపటాయించింది. తర్వాత అదీ నొక్కేసింది. గంట తిరక్కుండా ఆడపడుచు ఫోను. ఈసారి మోత గట్టిగా వినబడింది.

"అంత పొగరేంటే? అందర్నీ కాదని ఎల్లిపోతావా?"

"కాదని కాదు వదినా. నాతో మాట్లాడాలనిపిస్తే ఇలాగే ఫోన్ చెయ్యండి. మోగుతుంది, ఎత్తుతాను."

అవతల గొంతు తగ్గింది. తర్వాత ఆవిడ, "అమ్మ ఎలా ఉంది?" అని అడిగింది. ఇద్దరూ పొయ్యి మీద పాలు పొంగేదాకా మాట్లాడుకున్నారు.

నా వంతు వచ్చింది. చీరలన్నీ దించింది. చాలావాటిని కాలేజీలో పనిచేసే ఆడవాళ్లు తీసుకున్నారు. తన కోసం ఉంచుకున్నవి ఒక్క అరకు సరిపోయాయి. వాటిలో ఒక నీలం చీర ధర చీటీ పళ్లతో తెంపి, కట్టుకుని, క్యారేజీ పట్టుకుని బయల్దేరింది.

"పట్టుచీర కట్టావు, ఏంటే విశేషం?" అన్నారు నాగరత్నంగారు.

"మంగళవారం అత్తయ్యా, అంతే" అంది నళిని.

ఆ ఉన్న చీరల్ని పడగ్గదిలోకి మార్చుకున్నాక నన్ను పంపించేద్దామంది. "ఇలాంటి రేకు ఈ రోజుల్లో దొరకదు నళినీ" అని వీర్రాజు నా ఒంటిమీద చెయ్యేశాడు. నాకు కొంచెం ఆశ కలిగింది. "దొరక్కపోతే మానె" అంది ఆవిడ. నలుగురు కూలీలు తిట్టుకుంటూ నన్ను మెట్లు దింపారు.

ఇప్పుడు నేను పాత ఇనప సామాన్ల కొట్టు ఆవరణలో ఉన్నాను. తలుపులు ఊడదీశారు. గాలి ఇటు దూరి అటు పోతోంది. రాహేలమ్మ ఖాళీ అరల్ని చూసి సిగ్గుపడిన రోజులు తలచుకుంటే, అసలు సిగ్గుపడవలసింది ఎప్పుడో ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న వీర్రాజు వచ్చాడు. ఒక్కడే, సైకిలుకి గోతం కట్టుకుని. గోతాన్ని తూకం దగ్గర దించాడు. దింపి, లోపల చెయ్యి పెట్టి ఒక పాత ఫోను తీసి, జేబులో వేసుకుని గేటు దాకా వెళ్లాడు. గేటు దగ్గర ఆగాడు. వెనక్కి వచ్చి దాన్ని మళ్లీ గోతంలో పడేసి, ఎవరైనా పిలుస్తారేమోనన్నట్టు గబగబా సైకిలెక్కేశాడు.

నా వైపు చూడలేదు. అదే మంచిదైంది. చూసి ఉంటే, బేరమాడి ఇంటికి తీసుకుపోయేవాడు.